పాకం మీకు తెలిసిందే, పండు మాత్రం చివర్లో వెయ్యండి

ప్రశ్న: మా మరిది అమెరికా నుంచి వచ్చినప్పుడు పిల్లలకు ‘సాల్ట్ వాటర్ ట్యాఫీ’ అని ఒక డబ్బా తెచ్చాడు. రంగురంగుల కాగితాల్లో చుట్టిన మెత్తటి బిళ్ళలు, నములుతుంటే సాగుతాయి, ఒక్కోటి ఒక్కో పండు రుచి. ఆగస్టులో మా పాప తొమ్మిదో పుట్టినరోజుకి క్లాసులో 40 మందికీ అవే పంచాలంటోంది. ఆన్‌లైన్‌లో చూస్తే మేం కొనగలిగే ధర కాదు. ఇంట్లో రెండుసార్లు ప్రయత్నించాను. మొదటిసారి మామిడిపండు గుజ్జు, పంచదార కలిపి ఉడికించాను. అడుగంటింది, పైన మాత్రం జిగురుగానే ఉండిపోయింది. రెండోసారి వీడియో చూసి పంచదార, నీళ్ళతో చేశాను. ఇసకలా పలుకులు కట్టి గట్టిపడింది. థర్మామీటరు, సిలికాన్ మ్యాటు, కార్న్ సిరప్ లేకపోతే కుదరదని వీడియోలో చెప్పారు. అవన్నీ కొంటే డబ్బా కొన్నంత అవుతుంది. 300 రూపాయల్లో ఇది అయ్యే పనేనా? పలుకు కట్టిన పాకం పారెయ్యాలా? మాడిన గిన్నె ఇంకా నానుతూనే ఉంది.
– ఒక తల్లి, తణుకు

జవాబు: అవుతుందమ్మా. 300 రూపాయల్లోనే అవుతుంది, 40 మందికి తలా రెండు బిళ్ళలూ వస్తాయి. మీ ఉత్తరం చదువుతుంటే నాకు అనిపించింది ఒక్కటే. మీరు దీన్ని పరాయి దేశపు వంట అనుకుని భయపడుతున్నారు. ఇది మన జీడిపాకమే. టీవీ సీరియల్ సాగదీస్తే జీడిపాకంలా సాగుతోంది అంటామే, అచ్చంగా అదే.

మా చిన్నప్పుడు కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్ళేవాళ్ళం. అందరూ ప్రభల చుట్టూ చేరితే నేను జీళ్ళ కొట్టు ముందు నిలబడిపోయేదాన్ని. ఒకాయన బెల్లం పాకాన్ని ముద్ద చేసి, గుంజకు కొట్టిన మేకుకు తగిలించి, రెండు చేతులా బారెడు లాగి, మళ్ళీ మడిచి మేకు మీద వేసేవాడు. మొదట్లో ఆ ముద్ద నల్లగా, తడితడిగా మెరిసేది. లాగుతూ ఉంటే ఎర్రబడి, తర్వాత తేనె రంగుకి తిరిగి, చివరికి పట్టు దారాల కట్టలా గీతలు గీతలుగా తేలేది. అందులో రంగేమీ కలపలేదు. లాగి మడిచిన ప్రతిసారీ పాకంలోకి గాలి చేరుతుంది. ఆ గాలి బుడగల వల్లే రంగు తేలుతుంది, రాయిలా ఉండాల్సింది పంటికి మెత్తబడుతుంది. న్యూజెర్సీలో సముద్రం ఒడ్డున ఉన్న అట్లాంటిక్ సిటీలో 1880ల నుంచి అమ్ముతున్న ట్యాఫీ వెనక ఉన్న కిటుకూ ఇదే. పేరులో ఉప్పునీళ్ళు ఉన్నాయి గానీ అందులో సముద్రపు నీళ్ళేమీ ఉండవు. మామూలు నీళ్ళు, కాస్త ఉప్పు, అంతే.

ఇంకో మాట. వీడియోలు వెతికేటప్పుడు ట్యాఫీకీ (taffy) టాఫీకీ (toffee) తేడా చూసుకోండి. ఇంగ్లండు టాఫీ అంటే పంచదారనీ వెన్ననీ బాగా ముదిరేదాకా కాచి, లాగకుండా పళ్ళెంలో పోసి ఆరబెట్టేది. అది పటుక్కున విరగాలి. మీకు కావలసింది సాగేది. పేర్లు దగ్గరగా ఉండటంతో చాలామంది ఒకదాని కొలతలతో రెండోది చేసి మోసపోతున్నారు.

ఇక మీ రెండు వాయిలూ ఎందుకు చెడ్డాయో చూద్దాం. అది తెలిస్తే మూడోది చెడదు.

మామిడి గుజ్జులో ఎక్కువ భాగం నీళ్ళే. ఆ నీళ్ళు ఇగిరితే గానీ పాకం ముదరదు. ఈలోపు గుజ్జులోని పీచు అడుగుకు చేరి మాడిపోతుంది. మీకు జరిగింది అదే. పైన జిగురుగా ఉండిపోవడానికి పండులోని పులుపూ ఒక కారణం. పంచదార అంటే గ్లూకోజూ ఫ్రక్టోజూ అనే రెండు రకాల చక్కెరలు జంటగా అతుక్కుని ఉన్న పదార్థం. పులుపు వేసి మరిగిస్తే ఆ జంట విడిపోతుంది. కొద్దిగా విడిపోతే మనకు మంచిదే, పాకం పలుకు కట్టదు. మరీ ఎక్కువ విడిపోతే గాల్లో చెమ్మంతా లాక్కుని ఎప్పటికీ ఆరని జిగురైపోతుంది. పైగా మీది గోదావరి జిల్లా ఊరు, మీ పాప పుట్టినరోజు వానాకాలంలో. అందుకే నేను గట్టిగా చెప్పేది ఇది: పండు పాకంతో పాటు ఉడకకూడదు. పాకం దించాక, పళ్ళెంలో పోశాక, లాగబోయే ముందు చేరాలి. వాసనలు కూడా మరిగిస్తే ఆవిరితో పోతాయి కాబట్టి ఎసెన్సుకూ ఇదే మాట.

రెండోసారి పలుకులు కట్టిందంటే, పాకం మరుగుతున్నప్పుడు గరిటె పెట్టి తిప్పుతూ ఉండి ఉంటారు. మనకు హల్వా, కోవా చేసిన అలవాటు కదా, చెయ్యి ఊరుకోదు. కానీ వట్టి పంచదార పాకం కరిగాక తిప్పకూడదు. గిన్నె అంచున ఎండిన పంచదార రేణువు ఒక్కటి లోపల పడినా చాలు, దాని చుట్టూ మిగతావన్నీ వరుస కట్టేస్తాయి. దీనికి విరుగుడు లిక్విడ్ గ్లూకోజ్, తేనెలా చిక్కగా ఉండే తీపి పాకం. కేకు సామాన్లు అమ్మే కొట్లో చిన్న డబ్బాల్లో దొరుకుతుంది. మీ వీడియోలో చెప్పిన కార్న్ సిరప్ పనే ఇది చేస్తుంది, పంచదార రేణువుల మధ్య అడ్డం పడి వాటిని వరుస కట్టనివ్వదు. కొనాల్సిన కొత్త వస్తువు మీకు ఇదొక్కటే. థర్మామీటరు వద్దు. సిలికాన్ మ్యాటు అసలే వద్దు, నూనె రాసిన స్టీలు పళ్ళెం చాలు. మందుల షాపులో నీళ్ళలో కలుపుకు తాగే గ్లూకోజ్ పొడి తెచ్చి దీని బదులు వెయ్యకండి, కొలతలు మారిపోతాయి.

ఒక వాయికి కొలతలు: పంచదార 200 గ్రాములు, లిక్విడ్ గ్లూకోజ్ 130 గ్రాములు, కార్న్‌ఫ్లోర్ ఒక పెద్ద చెంచా, నీళ్ళు 90 మిల్లీలీటర్లు, వెన్న ఒక పెద్ద చెంచా, రెండు చిటికెల ఉప్పు. ఉప్పు వేసిన వెన్నయితే ఉప్పు మానెయ్యండి. నెయ్యి మాత్రం వద్దని నా సలహా. పనికి అడ్డం రాదు గానీ మామిడి రుచి మైసూర్ పాక్ వాసన కింద పడిపోతుంది. ఈ కొలతకు దాదాపు 45 బిళ్ళలు వస్తాయి. మీకు 80 పైన కావాలి కాబట్టి రెండు వాయిలు చెయ్యండి. కొలత రెట్టింపు చేసి ఒకేసారి పెట్టకండి. అంత ముద్ద ఇద్దరు లాగినా అయ్యే లోపు చల్లబడి బిగుసుకుపోతుంది.

అడుగు మందంగా ఉన్న గిన్నెలో పంచదార, కార్న్‌ఫ్లోర్ పొడిగా ఉన్నప్పుడే కలపండి, లేకపోతే ఉండలు కడుతుంది. గ్లూకోజ్, నీళ్ళు, ఉప్పు వేసి సన్నని సెగ మీద పంచదార పూర్తిగా కరిగేదాకా తిప్పండి. ఇక్కడి దాకా ఎంత తిప్పినా ఫరవాలేదు. కరిగాక వెన్న వేసి, అది కలిశాక గరిటె తీసి పక్కన పెట్టెయ్యండి. గిన్నె అంచుల్లో రేణువులు కనిపిస్తే చిన్న బ్రష్షు నీళ్ళలో ముంచి తుడవండి. మంట మధ్యస్థంగా పెట్టి మరగనివ్వండి. మొదట చిన్నచిన్న బుడగలు గబగబా నురగలా వస్తాయి. పది, పన్నెండు నిమిషాలకు బుడగలు పెద్దవై, బద్ధకంగా లేచి, మెరుస్తూ పగులుతాయి. అప్పటి నుంచి పక్కకు కదలకండి.

ఇప్పుడు పాకం పరీక్ష. ఈ వంట మొత్తంలో పట్టుకోవాల్సింది ఇదే కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. గిన్నెలో చల్లటి నీళ్ళు పెట్టుకోండి. స్టవ్వు ఆపి, పాకం అర చెంచా ఆ నీళ్ళలో వెయ్యండి. స్టవ్వు ఆపకుండా పరీక్షిస్తే మీరు చూసుకునే లోపే పాకం ముదిరిపోతుంది. అయిదు లెక్కపెట్టి వేళ్ళతో దగ్గరకు చేర్చండి. మీకు అరిసెల పాకం తెలుసు. అది ఉండ అవుతుంది గానీ చేతిలో పెట్టుకుంటే మెల్లగా చదునైపోతుంది. చిక్కీ పాకమూ తెలుసు. అది పళ్ళేనికి కొడితే టంగుమంటుంది. మనకు కావలసింది ఈ రెండింటి నడుమ. ఉండ అరచేతిలో పెడితే ఆకారం పోకూడదు, రెండు వేళ్ళతో కాస్త బలంగా నొక్కితే సొట్ట పడాలి, లాగితే విరక్కుండా సాగాలి. చదునైపోతే స్టవ్వు వెలిగించి ఇంకో నిమిషం ఉంచి మళ్ళీ చూడండి. టంగుమంటే దాటిపోయినట్టే. అప్పుడు రెండు చెంచాల వేడినీళ్ళు జాగ్రత్తగా పోసి, కరిగించి, మళ్ళీ ఆ పాకానికి తీసుకురావచ్చు. థర్మామీటరు ఉన్నవాళ్ళకు ఇది 122 నుంచి 125 డిగ్రీల సెంటీగ్రేడు మధ్య. వాన పడుతున్న రోజయితే 125 వైపే ఉండండి. వీలైతే ఎండ కాసిన రోజే చెయ్యండి.

పాకాన్ని వెన్న రాసిన స్టీలు పళ్ళెంలో పొయ్యండి. గిన్నెకు అంటుకున్నది గీకి వెయ్యకండి, అందులోనే పలుకులు ఉంటాయి. అయిదు నిమిషాలకు అంచులు గట్టిపడతాయి, నడుమ ఇంకా మెత్తగా ఉంటుంది. ఇప్పుడు పండు రుచి వేసి, నూనె రాసిన అట్లకాడతో అంచులు లోపలికి మడుస్తూ కలపండి.

ఏ రుచి అంటారా? ఆగస్టులో మామిడిపళ్ళు ఉండవు గానీ తాండ్ర ఉంటుంది. తాండ్రకు పేరున్న ఆత్రేయపురం మీకు దగ్గరే కదా. ఇరవై గ్రాముల తాండ్రను కత్తెరతో పోగుల్లా సన్నగా కత్తిరించి ముద్దలో మడవండి. అందులో నీళ్ళు ఎప్పుడో ఎండిపోయి ఉంటాయి కాబట్టి పాకం చెడదు. దానికి తోడు నాలుగు చుక్కల మామిడి ఎసెన్సు, పావు చెంచా నిమ్మ ఉప్పు పొడి, రంగుకి చిటికెలో సగం పసుపు. పసుపు రుచి తెలియదు, రంగు మాత్రం ముద్దొస్తుంది. పులుపు లేకపోతే ఎంత మంచి ఎసెన్సయినా పండులా అనిపించదు, వట్టి సబ్బు వాసనలా ఉంటుంది. అందుకే నిమ్మ ఉప్పు మరిచిపోవద్దు.

రెండో వాయికి నిమ్మ తొక్క. దీనికి ఖర్చే లేదు. పులిహోరకు నిమ్మకాయలు పిండే ముందు పైతొక్క మాత్రం సన్నగా తురుముకోండి. వాసనంతా ఆ పచ్చటి పొర నూనెలో ఉంటుంది, కింద తెల్లటిది చేదు. రెండు కాయల తురుము ఒక వాయికి సరిపోతుంది. బత్తాయి తొక్క కూడా బాగుంటుంది గానీ కాయ బాగా కడిగి, తుడిచి తురమండి. రసం మాత్రం పోయకండి, అంతా మొదటికొస్తుంది.

జామతోనో ద్రాక్షతోనో చేద్దామనిపిస్తుందేమో, ఈసారికి వదిలెయ్యండి. జామలో పెక్టిన్ (జామ్‌ను గడ్డకట్టించే పదార్థం) ఎక్కువ, గుజ్జు వేస్తే సాగదు, తుంపులుగా తెగిపోతుంది. ద్రాక్ష రసాన్ని చెంచాల్లోకి వచ్చేదాకా మరిగించి వాడేవాళ్ళున్నారు, దానికి గ్యాసు ఖర్చూ ఓపికా రెండూ కావాలి. నీళ్ళలో కలుపుకునే ఆరెంజ్ డ్రింక్ పొడి ఒక చెంచా వేస్తే రంగు, పులుపు, వాసన ఒకేసారి వస్తాయి, అన్నిటికన్నా చవక. పిల్లలకు నచ్చుతుంది కూడా. నాకైతే తాండ్ర రుచే ఇష్టం. పెద్దపిల్లలుంటే ఇంకోటి చేసి చూడండి: ఎసెన్సేమీ లేకుండా చెంచాడు ఆమ్‌చూర్ (ఎండు మామిడి పొడి), చిటికెడు ఉప్పు, చిటికెడు కారం. బడి గేటు దగ్గర కొనుక్కున్న పచ్చిమామిడి ముక్క గుర్తొస్తుంది.

ఇక లాగడం. మీరూ మీవారూ కలిసి చెయ్యండి, పాపను చూడనివ్వండి గానీ మొదటి అయిదు నిమిషాలు ముట్టుకోనివ్వకండి. పాకం మరిగే నీళ్ళకన్నా వేడి, పైగా చర్మానికి అతుక్కుంటుంది. ఒకవేళ చెయ్యి కాలితే కుళాయి కింద 20 నిమిషాలు చల్లటి నీళ్ళు పొయ్యండి. టూత్‌పేస్టు, వెన్న, పసుపు ఏవీ రాయకండి. పొక్కు పెద్దదైతే డాక్టరు దగ్గరకు వెళ్ళండి.

ముద్ద పట్టుకోగలిగినంత వేడికి వచ్చాక చేతులకు వెన్న గానీ వాసన లేని నూనె గానీ పట్టించి, ఎత్తి, ఇద్దరూ చెరోవైపు పట్టుకుని బారెడు లాగండి. మడవండి, ఒక మెలి తిప్పండి, మళ్ళీ లాగండి. మొదటి రెండు నిమిషాలు చేతులకు అంటుకుని విసుగొస్తుంది. అప్పుడు మానెయ్యకండి, మళ్ళీ కాస్త నూనె రాసుకోండి. నాలుగో నిమిషానికి అద్దంలా ఉన్న ముద్ద మసకబారుతుంది. ఎనిమిదో నిమిషానికి పట్టులా మెరుస్తూ గీతలు తేలుతాయి. పది, పన్నెండు నిమిషాలకు లాగడం బరువవుతుంది, అక్కడ ఆపెయ్యండి. రంగు తిరక్కుండానే బిగుసుకుపోతే వేడినీళ్ళ గిన్నె మీద పళ్ళెం పెట్టి, ముద్దను దాని మీద ఒక నిమిషం ఉంచండి, మళ్ళీ మాట వింటుంది.

చిటికెన వేలంత లావు తాడులా సాగదీసి, నూనె రాసిన కత్తెరతో అంగుళం ముక్కలు కత్తిరించండి. కత్తిరించిన వెంటనే చుట్టెయ్యాలి. ఒకదాని పక్కన ఒకటి ఊరికే వదిలేస్తే గంటలో అన్నీ కలిసి మళ్ళీ ఒకే ముద్ద అవుతాయి. బటర్ పేపర్‌ను ముందు రోజే అరచేతిలో సగం ఉండేలా కత్తిరించి పెట్టుకోండి. ఈ పని పాపకివ్వండి, చుట్టి రెండు చివర్లూ మెలి తిప్పడం పిల్లలకు సరదా. గాలి చొరని డబ్బాలో పెట్టండి. ఫ్రిజ్‌లో వద్దు, బయటకు తీయగానే చెమ్మ పట్టి జిగురవుతాయి. పుట్టినరోజుకి రెండు రోజుల ముందు చేసుకుంటే హాయిగా నిలవుంటాయి.

ఖర్చు లెక్క చూద్దాం. మా ఊళ్ళో ధరల ప్రకారం అరకిలో పంచదార 25, అరకిలో గ్లూకోజ్ డబ్బా 90, వంద గ్రాముల వెన్న 60, మామిడి ఎసెన్సు చిన్న సీసా 40, బటర్ పేపర్ 50, తాండ్ర ముక్క 15. మొత్తం 280. మీ ఊళ్ళో అయిదో పదో అటూఇటూ ఉండొచ్చు. కార్న్‌ఫ్లోర్, నిమ్మకాయలు, నిమ్మ ఉప్పు ఇంట్లో ఉన్నవే అనుకున్నాను. ఎసెన్సు, వెన్న, పేపరు ఇంకా మిగులుతాయి. గ్లూకోజ్ దొరక్కపోతే ఆగిపోవద్దు. దాని బదులు రెండు పెద్ద చెంచాల తేనె, ఒక చిన్న చెంచా నిమ్మరసం వేసి మరిగించండి. ఆ కాస్త పులుపు పంచదారను కొద్దిగా విడదీసి పలుకు కట్టకుండా చూస్తుంది. బిళ్ళలు కొన్ని తక్కువ వస్తాయి, చల్లబడ్డాక కొంచెం గట్టిగానూ ఉంటాయి.

బడిలో పంచేటప్పుడు ఒక్కటి గుర్తుంచుకోండి. క్లాసులో పిల్లలు తొమ్మిదేళ్ళవాళ్ళు, వాళ్ళకు ఇబ్బంది లేదు. ఇంటికి పట్టుకెళ్ళి చిన్న తమ్ముడికో చెల్లికో పెడతారు. అయిదేళ్ళలోపు పిల్లలకు ఇలాంటి సాగే బిళ్ళ గొంతుకు అడ్డం పడే ప్రమాదం ఉంది. టీచరుగారికి ఆ మాట చెప్పి, పిల్లలతో చెప్పించండి. తిన్నాక నీళ్ళు పుక్కిలించమనీ చెప్పించండి, పళ్ళ సందుల్లో ఇరుక్కుంటుంది.

పలుకు కట్టిన పాకం పారెయ్యకండి. గిన్నెలో వేసి, మునిగేటన్ని నీళ్ళు, మూడు పెద్ద చెంచాల గ్లూకోజ్ వేసి సన్నని సెగ మీద పూర్తిగా కరిగించి మళ్ళీ పాకం పట్టండి. పుట్టినరోజు వాయిలకు ముందు దీన్నే రిహార్సల్‌గా పెట్టుకోండి. పాకం చేతికి ఎలా తెలుస్తుందో అప్పుడు అర్థమవుతుంది, తప్పినా నష్టం ఉండదు. మామిడిది మాడిన వాసన రాకపోతే పైభాగం తీసి సీసాలో పెట్టి బ్రెడ్డుకు రాయండి, మాడిన వాసన వస్తే వదులుకోవడమే. గిన్నెను తోమి అలిసిపోకండి. నిండా నీళ్ళు పోసి స్టవ్వు మీద పెట్టి పది నిమిషాలు మరిగించండి. చల్లటి నీళ్ళలో రోజులు నానినా ఊడని పంచదార మరిగే నీళ్ళలో దానంతట అదే కరిగిపోతుంది. అడుగున మాడిన నల్లటి పొర మిగిలితే చెంచాడు వంటసోడా వేసి ఇంకో అయిదు నిమిషాలు మరగనివ్వండి, చెక్క గరిటెతో గీకితే పొరలు పొరలుగా వచ్చేస్తుంది. అది అల్యూమినియం గిన్నె అయితే మాత్రం సోడా వద్దు, నల్లబడుతుంది. నిమ్మచెక్కలు వేసి మరిగించండి.